వెనక్కి నడవని విమానం

బేగంపేటలో విమానాలు దిగేచోట కూలికి కుదిరినప్పటి నుంచి ఆమె మొగుడు పాతబస్తీలో నేలమీద నడవడం మానేశాడు. ఆవేళ బర్రెకు కుడితి కలుపుతూ ఆమె మాట కదిపింది.

"రేపు పొద్దుగాల మా తమ్ముని లగ్గం. కార్వాన్‌కు ఇయ్యాల్నే పోవాలె, లెవ్వు."

"రాను. పిలవనీకె మీ తమ్ముడు రాలె, ఎవనితోనో కబురంపిండు. రానన్న మాట మీదికెళ్లి నేను ఎనక్కి పోను. మా కాడ దిగే పెద్ద విమానం గిట్లనే, దానికి ఎనక్కి నడుచుడే రాదు."

"మరి దిగినంక ఎట్ల మర్లుతది?"

"పైలెట్ దొర ఎడమ చక్రానికి బిరేకు వడతడు, కుడిపక్క ఇంజను జోరుగ ఇడుస్తడు. అది మస్తు లొల్లి జేస్తది, దుమ్ము లేపుతది, ఆ చక్రం చుట్టు గుండ్రంగ తిరిగి వచ్చిన దారికే మొఖం వెడతది."

"చక్రం కదల్దా?"

"ఉన్నకాడ్నే ఉంటది."

"లొల్లంత ఇంజన్‌దేనా?"

"మరి? ఇంజను లొల్లి జెయ్యకుంటె విమానం ఎట్ల మర్లుతది?"

ఆమె చేతులు కడుక్కుని వచ్చి గడప మీద కదలకుండా కూర్చుంది.

"ఏందే, గట్ల కూసున్నవ్?"

"చక్రానికి బిరేకు వడ్డది. ఇగ నువ్వు లొల్లి జెయ్యి."

అతను చేశాడు. బావమరిదిని తిట్టాడు, వాడి మేనమామలను తిట్టాడు, వాకిలంతా తిరుగుతూ కుడితి బకెట్‌ను తన్నాడు. బర్రె బెదిరింది గానీ ఆమె బెదరలేదు. తిరిగి తిరిగి చివరకు ఆమె ముందుకే వచ్చి ఆగాడు.

"నా తలరుమాలు ఏడుంది?"

"నిన్ననే ఉతికి సంచిల వెట్టిన."