గేటు పుస్తకంలో సంతకం

మంచం మీద సంచి తెరిచి ఉంది. మనవరాలు సర్దుతోంది. అమ్మమ్మ కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుంది. జీపు రావడానికి ఇరవై నిమిషాలుంది.

"టార్చి పెట్టావా?"

"పెట్టాను అమ్మమ్మా."

"ఏదీ, కనిపించదే?"

"అదిగో, సైకిలు ట్యూబు కింద. పొద్దున్నించి మూడోసారి. మళ్ళీ బయటికి తియ్యకు... అయ్యో, తియ్యొద్దన్నానా!"

"వెలుగుతోందో లేదో చూడొద్దూ?"

"పగలు వెళ్ళి పగలే వచ్చేస్తాం. అరవై రెండు కిలోమీటర్లు. నేనేమన్నా చంద్రమండలానికి వెళ్తున్నానా?"

"చంద్రమండలానికి వెళ్ళినవాళ్ళని టీవీలో చూపిస్తారు. నువ్వెక్కడున్నావో నాకెవరు చూపిస్తారు?"

"ఫోనుందిగా."

"అడవిలోకి వెళ్ళాక సిగ్నలుండదని మీ అమ్మతో అన్నది నువ్వేగా?"

"నీకు వినపడదనుకున్నాం."

"కావలసినవి వినపడతాయి. ఇదిగో, ఈ గుడ్డముక్క పెట్టుకో."

"ఎందుకూ?"

"చైను ఊడితే ఎక్కించుకున్నాక చెయ్యి తుడుచుకోవాలిగా. గ్రీజు చేత్తో బ్రేకు పట్టుకుంటే జారుతుంది."

"నీకెలా తెలుసు?"

"తెలుసులే. అరటిపళ్ళేవీ?"

"పెట్టాను. బిస్కట్లు పెట్టాను, నీళ్ళు రెండు సీసాలు పెట్టాను, పంపు పెట్టాను. ఇంక నిన్ను కూడా మడిచి పెట్టేస్తే సరిపోతుంది."

"పెట్టు. వస్తాను."

"అబ్బ! ఒక్కసారి ఈ కాగితంలో ఫొటోలు చూడు, నీ భయం పోతుంది. అడవి మధ్యనుంచి కంకర దారి. ఇక్కడ లోయంతా కనిపిస్తుంది. ఇదేమో దిగుడులో వాగు మీద చెక్కవంతెన. ఎక్కడెక్కడినుంచో వస్తారు ఈ దారి తొక్కడానికి, తెలుసా?"

"చూశాను. నిన్నంతా భూతద్దం పెట్టుకుని చదివాను."

"మరి బాగుందా లేదా?"

"బాగుంటుంది. బాగుండదని ఎవరన్నారు? పైన మలుపులో ఆగితే కొండలు ఒకదాని వెనక ఒకటి, ఆరేసిన చీరల్లా ఉంటాయి. వంతెనకి ముందు దిగుడులో మాత్రం ముందు బ్రేకు నొక్కకు. కంకర గుండ్రంగా ఉంటుందక్కడ, గోలీల మీద నడిచినట్టే. దారి వాగు వైపుకి ఒరిగి ఉంటుంది. కొండని రాసుకుంటూ దిగు."

"ఇది కాగితంలో లేదే."

"ఉంది."

"లేదమ్మమ్మా. ఇదిగో, రెండువైపులా చూడు."

"ఇంకేదో పుస్తకంలో చదివుంటాను. నాకు ఎవరూ చదువు చెప్పలేదు కదా, సొంతంగా నేర్చుకున్నాను, పొట్లం కట్టిన కాగితాలు కూడా చదివేదాన్ని. ఏది ఎక్కడ చదివానో ఏం గుర్తుంటుంది? నీతో వచ్చేదెవరూ?"

"జిరాఫీ."

"ఆ పొడుగోడేనా? మన గుమ్మానికి తల కొట్టుకున్నవాడు?"

"రెండుసార్లు కొట్టుకున్నాడు. వాడే."

"ఇద్దరూ కలిసే తొక్కుతారుగా?"

"వాడితో ఎవరు కలిసి తొక్కగలరు? అవి కాళ్ళా, నిచ్చెనలా? వాడు ముందెళ్ళిపోతాడు, నేను ఫొటోలు తీసుకుంటూ మెల్లగా దిగుతాను."

"మెల్లగా దిగితే అడవి గేటు మూసెయ్యరూ?"

"ఐదున్నరకి. అందుకే ఒక ఉపాయం ఆలోచించాం. లోపలికెళ్ళేటప్పుడు గేటు దగ్గర పుస్తకంలో పేరు రాస్తారు, బయటికొచ్చాక ఆ పేరు పక్కన సంతకం పెట్టాలి. జిరాఫీ ముందు చేరుకుని ఇద్దరికీ పెట్టేస్తాడు. నేను తీరిగ్గా... ఏం చేస్తున్నావు?"

"సంచి ఇటివ్వు."

"అమ్మమ్మా! సర్దినవన్నీ తీసేస్తున్నావేంటి?"

"వెళ్ళొద్దు."

"ఇప్పటిదాకా బ్రేకులు, గుడ్డముక్కలు అన్నావు! ఇప్పుడేమైంది?"

"వెళ్ళొద్దన్నానా!"

"జీపు వచ్చేస్తోంది. కారణం చెప్పు, ఆగిపోతాను. చెప్పకపోతే వెళ్తాను."

"సంతకం... వాడెందుకు పెట్టాలి నీ సంతకం?"

"ఒక గీతకి ఇంత రాద్ధాంతమా? ఆ పుస్తకం ఎవరు చూస్తారు?"

"చూస్తారు. చీకటి పడేముందు చూస్తారు. పొద్దున్న రాసిన పేరు పక్కన సంతకం లేకపోతే, మనిషి లోపలే ఉండిపోయిందని జీపు వేసుకుని వెతకడానికి వెళ్తారు. సంతకం ఉంటే పుస్తకం మూసి ఇంటికెళ్ళిపోతారు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

"అప్పుడంటే? అమ్మమ్మా, నువ్వు ఆ దారి తొక్కావా?"

"ఈ మిషను మీదే కుట్టేదాన్ని బడిపిల్లల బట్టలు. కొండకి అవతల హాస్టలుంది. నేను కుట్టేదాన్ని, మా చెల్లి గుండీలు, కాజాలు. రెండు సైకిళ్ళ క్యారియర్లకి మూటలు కట్టుకుని అడవిలోంచి వెళ్ళి ఇచ్చి, సాయంత్రానికి వచ్చేసేవాళ్ళం. నెలకి రెండుసార్లు."

"చిన్నమ్మమ్మా? సైకిలు తొక్కేదా?"

"నాకంటే బాగా తొక్కేది. దిగుడులో పాడేది కూడా."

"మరి?"

"ఆరోజు వస్తూ ఉంటే, వంతెనకి ముందు దిగుడు మొదట్లో దాని చైను ఊడింది. నేను సైకిలు దిగబోతే, నువ్వెళ్ళక్కా, గేటు మూసేస్తారు, నా సంతకం కూడా పెట్టెయ్, నీ వెనకే వచ్చేస్తానంది. గేటు మూసేలోపు సంతకం పడకపోతే అడవిలోంచి వెళ్ళే పాసు నెలరోజులు ఆపేసేవాళ్ళు. పాసు లేకపోతే హాస్టలు పని పోతుంది."

"పెట్టావా?"

"పెట్టాను. దాని చేతిరాతలాగే పెట్టాను. గేటు కాసే వాచరు అన్నం డబ్బా సర్దుకుంటూ, వెనకెవరైనా ఉన్నారా అన్నాడు. ఇదిగో, వచ్చేస్తోందన్నాను."

"తర్వాత?"

"నిలబడ్డాను. వాన మొదలైంది. అంత వానలోనూ వెనక్కి మొదటి మలుపుదాకా వెళ్ళి పిలిచాను. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. వాచరు ఇంటికి పరిగెత్తాను. ఆయన నన్ను గేటు దగ్గరికి తీసుకొచ్చి, పుస్తకం తెరిచి లాంతరు పట్టుకుని చూపించాడు. ఇదిగో, వచ్చేసిందిగా అమ్మాయీ, ఇంటికెళ్ళి చూసుకో అన్నాడు."

"అది నువ్వు పెట్టిన సంతకమని చెప్పలేదా?"

"పాసు పోతుందని భయపడ్డాను. ఏ దారినో ఇంటికి చేరే ఉంటుందిలే అనుకున్నాను. పొద్దున్న చెప్పాను."

"పొద్దున్న..."

"జీపు వచ్చినట్టుంది, చూడు. హారను కొడుతున్నాడు."

"కొట్టనీ. ఉండు, ఫోను చెయ్యనీ. ఒరేయ్ జిరాఫీ, కిందే ఉండు. విను, పుస్తకంలో నా పేరు మీద చెయ్యి పెట్టావంటే చూడు! నా సంతకం నేనే పెడతాను. కాదు, ఫొటోలొద్దు. కలిసే దిగుదాం. ఎందుకేంటి, చెప్తానురా దారిలో."

"గుడ్డముక్క మర్చిపోకు."

"ఇటివ్వు, జేబులో పెట్టుకుంటాను. ఏడవకు. ఇలా చూడు. చిన్నమ్మమ్మ జ్వరం వచ్చి పోయిందని కదా అమ్మ చెప్పింది? అంటే పొద్దున్న దొరికింది, తడిసి జ్వరం..."

"వాగు పక్కన సైకిలు దొరికింది. చైను ఎక్కించే ఉంది. జ్వరమని నేనే చెప్పాను మీ అమ్మకి. మా చెల్లి తిరిగి రాలేదు. ఆరోజు అక్టోబరు పదిహేడు, గురువారం."