చప్పట్ల సూరమ్మ మాట

రంగూన్ ఊరు ఊరంతా సైనిక సర్కారు మీద తిరగబడి వీధిలోకి వచ్చి పడ్డ ఆ ఎనభై ఎనిమిది ఆగస్టులో, చిమిండైంగ్ బజారు వెనక రేకుల షెడ్డులో, బుల్లియ్య తల ఒళ్ళో పెట్టుకుని సూరమ్మ కూలబడి ఉంది. పండగలకీ జాతరలకీ టికెట్టు పెట్టి కుస్తీ ఆటలాడే బంగారయ్య జట్టులో బుల్లియ్యే పులిరాజు. ఆ జట్టుకి బట్టలు కుట్టేది సూరమ్మ. పొద్దు వాలుతోంది. బయట లారీ ఇంజను తిరుగుతోంది.

"తన్లిన్‌ పడవకి కాదు బంగారయ్యా, తామ్వేకి. బండి అటు తిప్పు."

"ఏటత్తా నీ గోల. ఆకరి పడవ అది. సామానంతా లారీలో ఉన్నాది, జట్టంతా రేవు కాడ నిలబడున్నారు. ఆణ్ణి లెగమను."

"లెగలేడ్రా. తుపాకీ గుండు తగిలినాది."

"ఎక్కడ?"

"కడుపులో. ఇదిగో, నా సెయ్యి ఎక్కడున్నాదో అక్కడ."

"సెయ్యి తియ్యి, సూస్తాను."

"తీస్తే కారిపోద్ది. తియ్యను."

"అదీ సంగతి. సెయ్యి తియ్యదంట. ఒరే బుల్లియ్యా, నీ ఆట బాగానే ఉన్నాది గానీ, సాలింక. లెగు."

"నాకేటి నేదన్నా... అత్తకి ఉత్తినే బయ్యం."

"ఇన్నావా? ఆడే సెప్తన్నాడు."

"ఆడు సెప్పింది నమ్ముతావు, నాను సెప్పింది నమ్మవు. ఆడెప్పుడు నీకు నిజం సెప్పినాడ్రా?"

"అదే కదత్తా నా ఏడుపూ."

"సైకా రిక్షావోడు తెచ్చి ఇక్కడ దించీసినాడు. సైకా నిండా నెత్తురు. డబ్బులడక్కండా తొక్కుకుంటూ పారిపోనాడు, పాపం. డబ్బులడగని సైకావోణ్ణి నువ్వెప్పుడైనా సూసినావా ఈ ఊర్లో?"

"ఆడూ ఈడి దోస్తే అయ్యుంటాడు. అయినా ఊరేగింపుకి పులి ఏసంలో ఎవడెల్లమన్నాడు ఈణ్ణి? నాను సెప్పినానా? టికెట్టు కొన్నోడికి తప్ప ఆ ఏసం ఎవడికీ కనపడకూడదని మా అయ్య పెట్టిన కట్టు. తెల్దా?"

"సదువుకునే పిల్లలొచ్చి పిలిసినారు. పులిరాజు ముందుండి నడిస్తే మాకు దైర్నం అన్నారు. ఎల్లినాడు."

"నువ్వే పంపుంటావు."

"బొత్తాం ఊడిపోతే కుట్టి పంపినాను. అంతే."

"అద్గదీ."

"నన్ను తర్వాత తిట్టుదువు గానీ. తామ్వేలో మన ఎంకట్రావు కాంపౌండరున్నాడు. గుండు తియ్యడం ఆడికొచ్చు, పేరడగడు, ఊరడగడు. బేగి ఎత్తు ఈణ్ణి. నానొక్కత్తినీ ఎత్తగలిగితే నిన్ను బతిమాలుదునా? ఏనుగంత మనిషి."

"తామ్వే ఊరికి ఆ సివర. అక్కడికెల్లి తిరిగొచ్చేసరికి పడవ పోద్ది. సీకటడితే రోడ్డు మీద కనపడినోణ్ణి కాల్సీమని మిలట్రీకి ఆర్డరు. లారీ పోద్ది, బల్లలు పోతాయి, తాళ్ళు పోతాయి. రేవు కాడున్నోళ్ళ గతేటి? ఇదంతా ఈడి దొంగాట కోసం?"

"దొంగాట కాదురా."

"నీకెలా తెలుసు?"

"సూస్తన్నాను కదరా కళ్ళతో."

"నువ్వు సూడ్డం... అత్తా, నా నోరు ఇప్పించకు."

"ఇప్పు. ఇప్పేదేదో బేగి ఇప్పు."

"ఎవడు పడాలో, ఎవడు గెలవాలో పొద్దున్న గంజి తాగుతూ నీ ఎదురుగానే మాటాడుకుంటాం. అవునా?"

"అవును."

"సాయంత్రం అదే మాట పెకారం ఈడు పడతాడు. నువ్వు అయ్యో నాయనో అని గుండెలు బాదుకుంటావు. ప్రతీ ఊర్లోనూ. టికెట్లు సింపే కాణ్ణుంచి నిన్ను తెర ఎనక్కి ఎందుకు తోసినాను? జనం ఆట మానేసి నిన్ను సూస్తన్నారు. తెర ఎనక్కి తోస్తే అక్కణ్ణుంచి సప్పట్లు. మన మనుషులే మన ఆటకి సప్పట్లు కొడితే ఏటనాలి? మనలో సప్పట్లోడంటే, ఆట నిజమని నమ్మీసినోడని తిట్టు. దొంగ అన్నా పడతారు గానీ సప్పట్లోడు అంటే కొట్టుకుంటారు. జట్టంతా నిన్ను సప్పట్ల సూరమ్మని ఎక్కిరిస్తే నాకు తలకొట్టీసినట్టుంటాది."

"ఈడి బొమ్మ పెట్లో అతికించుకుంటే సింపీసినావు కూడాను. అన్నం పెట్టినోణ్ణే ముక్కలు సేసినావు."

"సింపీయనా మరి? గొల్లున నవ్వినారు సూసినోళ్ళు."

"నవ్వనీ. నాను నీ అయ్య కాలం నుంచి కుడతన్నాను. మనోళ్ళంతా ఓడెక్కి ఇశాపట్నం పోతే, ఉన్నోళ్ళం పిడికెడు మందిమి. ఇటు నుంచి ఉత్తరం పోదు, అటు నుంచి రాదు. సినిమా నేదు, ఏదీ నేదు. ఈడు ఆ బల్లల మీద పడి లెగిసినప్పుడే నాకు ఊపిరొచ్చీది. దానికి సప్పట్లు కొట్టినాను. దొంగతనం సేసినానా?"

"నమ్మినోణ్ణి బల్లలెక్కించకూడదని మా అయ్య ఊరికే అనలేదత్తా. లింగరాజు గుర్తున్నాడా? సూడ్డానికొచ్చి సూడ్డానికొచ్చి, నన్నూ సేర్సుకోండని కాళ్ళట్టుకుంటే సేర్సుకున్నాడు అయ్య. సప్పట్లోణ్ణి తెచ్చి బల్లలెక్కించినాడు. ఏటయినాది? ఆడు నిజమనుకున్నాడు. ఎదటోడి బుజం ఇరిసీసినాడు. నమ్మినోడితో ఈ పని సెయ్యలేం."

"ఇప్పుడు నాను నమ్మితే ఎవడి బుజం ఇరిగిపోద్దిరా?"

"అత్తా... ఆడి మీద కోప్పడకు. పడవ పోద్ది. ఎల్లండి."

"నువ్వు నోరు మూసుకోరా. మాటాడకు. మాటాడితే నా సేతికింద ఉబుకుతాది."

"సూడు, ఎంత సక్కగా సెప్తన్నాడో. ముక్కుతా, మూలుగుతా. పెగూలో కూడా సరిగ్గా ఇదే మూలుగు."

"పెగూ మాట ఒగ్గీ."

"ఎలా ఒగ్గుతాను? నువ్వు నేవు ఆ రోజు, జొరమొచ్చి బసలో పడుకున్నావు. ఆట అయిపోనాది, జనం ఎల్లిపోనారు, ఈడు లెగలేదు. కళ్ళు తేలేసినాడు. నాను బుజానేసుకుని, జోళ్ళు కూడా నేకండా, డాక్టరు ఇంటికి పరిగెత్తినాను. దారంతా ఏడుసుకుంటూ. ఆ డాక్టరు గుండెల మీద గొట్టం ఎట్టగానే ఈడు లెగిసి కూకుని టీ అడిగినాడు."

"...అల్లం టీ."

"నవ్వుతన్నాడు సూడత్తా. నవ్వుతన్నాడా నేదా?"

"నవ్వు కాదురా అది. పళ్ళు కరుసుకుంటన్నాడు."

"గుమ్మం బయట జట్టంతా నిలబడి సప్పట్లు. నాకు. పెద్దని, జట్టు ఏలినోణ్ణి. ఆ ఏడంతా నన్ను సప్పట్ల బంగారయ్యా అన్నారు. ఎదురుగా కాదు. ఎనక. నాకినపడేలాగ. మళ్ళీ అదే సేద్దామని ఈడి ఎత్తు. రేవు కాడ వాళ్ళూ కలిసే ఉంటారు ఇందులో. నాను ఈణ్ణి మోసుకుని తామ్వే ఎల్తే, ఎంకట్రావు గుమ్మంలో అల్లం టీ పెట్టుకుని నవ్వుతారు."

"ఊర్లో పీనుగులు లెగుస్తుంటే ఎవడ్రా ఎత్తులేసీది?"

"ఈడేస్తాడు. సచ్చీటప్పుడూ ఏస్తాడు."

"అద్గదీ, నీ నోటితోనే అన్నావు."

"మాటవరసకన్నాను."

"పోనీ, నువ్వన్నట్టే అనుకో. దొంగాటే అనుకో. నువ్వు మోసుకెల్తావు, ఆళ్ళు నవ్వుతారు. నిన్ను సప్పట్లోడంటారు. అంటే ఏటవుద్ది? ఒంటి మీద దద్దుర్లొస్తాయా? నన్నంటన్నారు కదా ఇన్నాళ్ళబట్టీ. అన్నం దిగుతాది. నిద్దరొస్తాది. ఏటీ అవదు బంగారయ్యా, నాను సెప్తన్నాను."

"నీకవదు. నాకు జట్టు మిగల్దు."

"నిజమయితే ఆడు మిగల్డు."

"నిజమని నీకేటి తెలుసు?"

"ఈడు నిజంగా పడ్డాడో నేదో నాకు తెల్దురా. ఎప్పుడూ తెల్దు. పొద్దున్న మీరు సెప్పుకున్నది ఇనేదాన్నే, సాయంత్రానికి మర్సిపోయేదాన్ని. ఈడు పడితే నమ్మడం, ఈడు లెగిస్తే నమ్మడం, అంతే తెలుసు నాకు. ఈ ఒక్కసారీ నాతో కలిసి నమ్ము. కాళ్ళట్టుకుందునే, సేతులు ఖాళీ నేవు."

"అత్తా, అలాగనకు. పెద్దదానివి."

"అయితే ఎత్తు."

"ఒరే బుల్లియ్యా. నా కేసి సూడు. నీ తమ్ముడి మీద ఒట్టేసి సెప్పు. తగిలినాదా?"

"నేదన్నా."

"మరెందుకు లెగవు?"

"అలిసిపోనాను... సుబ్బరంగా. ఎంతమందనుకున్నావు. టికెట్టు నేకండా, తాడు నేకండా... పులిరాజా పులిరాజా అని. పడినాక కూడా అరుస్తానే ఉన్నారు. లెగుస్తానని."

"ఇన్నావా బంగారయ్యా, పడినాక అంటన్నాడు. పడినాడంట. ఎందుకు పడతాడురా మనిషి వీధిలో?"

"అలవాటు సొప్పున పడుంటాడు. ఎక్కడ జనం ఉంటే అక్కడ పడతాడు ఈడు."

"తగల్లేదని ఎందుకంటన్నాడో తెలుసా? లారీ తామ్వే ఎల్తే దార్లో మిలట్రీవోళ్ళు ఆపుతారు. పులి ఏసం సూస్తారు. నిన్నూ దింపుతారు. అదీ ఆడి బయ్యం. నీ కోసం అబద్దమాడతన్నాడు ఎర్రోడు."

"ఆడికంత మంచితనం ఎక్కడిదత్తా? నా సుట్ట కూడా దొంగిలిస్తాడు."

"రెండూ ఒక మనిషిలోనే ఉంటాయి."

"మంచినీళ్ళు..."

"నీళ్ళియ్యకూడదు నాయనా. కడుపులో దెబ్బ. పెదాలు తడుపుతానుండు. బంగారయ్యా, ఆ గుడ్డ తడిపి ఇలాగియ్యి. నా కొంగు కాదు, కొంగంతా నెత్తురు."

"ఇదిగో. కొంగుకి ఎంత పట్టించినారు మీ ఇద్దరూ కలిసి. కుండెడు కాసుంటావు."

"ఏటి కాసుంటాను?"

"నెత్తురు. ఆటకి నువ్వు కాసీదే కదా. లక్క రంగూ బెల్లం పాకమూ. అచ్చం నిజంలాగుంటాదని నాను మెచ్చుకునీది కూడాను."

"ఏ బెల్లంతో కాసినాన్రా? బజారు తలుపులు మూసుకుని ఎన్నాళ్ళయినాది? గంజిలోకి ఉప్పు రాయి దొరకట్లేదు, నాకు బెల్లమెవడిస్తాడు?"

"దాసుంటావు."

"దాస్తే పసిపిల్లలున్న కొంపలకిద్దును, ఈడి పొట్టకి రాద్దునా? ఇటు రా. ఇటు రారా ఒకసారి. సీమలు పట్టినాయేమో సూడు. నా పాకమయితే ఈపాటికి బారు కట్టీవి."

"సీకటిగా ఉన్నాది. కనపడదు."

"కనపడక్కర్నేదు. ఏలెట్టి నాకి సూడు."

"సీ. ఏటత్తా."

"నా పాకమయితే తియ్యగుంటాది. కాకపోతే ఉప్పగుంటాది. నన్ను నమ్మకు, సప్పట్లదాన్ని. నీ నాలికని నమ్ము."

"నానలాంటి పనులు..."

"నాకరా. ఆ ఇంజను ఆగిపోకముందే."

"నాను నాకనత్తా."

"బుల్లియ్యా. నాయనా, గుడ్డ పీల్సుకోవేటి? తడిపినాను కదా. బుల్లియ్యా?"

"ఏటయినాది?"

"ఉలకట్లేదు."

"పడినోడు ఉలకడు. అదే మా పని."

"ఊపిరి ఆడట్లేదురా. నా ఒళ్ళో ఉన్నాడు, నాకు తెల్దా."

"బిగబట్టుంటాడు. ఎంతసేపయినా బిగబడతాడు. జనం అంతా లెగిసి నిలబడేదాకా బిగబడతాడు."

"నా సేతికింద ఆగిపోనాది బంగారయ్యా. ఇందాకటిదాకా కొట్టుకునీది."

"నన్ను సూడనీ. తప్పుకో. ఒరే. ఒరే బుల్లియ్యా. సరే, నువ్వే గెలిసినావు. తామ్వే ఎల్దాం. పడవ పోతే పోనీ. ఎంకట్రావు గుమ్మంలో అందరూ నవ్వనీ, నానేటీ అనను. బుజానెత్తుకుంటాను, లెగు. టీ పోయిస్తాను. ఒరే."

"ఆడి తల అలా ఊపకు. అలా ఊపకూడదు."

"మాటాడు ఒకసారి. తిట్టు. పెగూలో డాక్టరు దగ్గర లెగిసినట్టు... అత్తా, సెయ్యి తియ్యి."

"తీసినాను. ఇంక అక్కర్నేదు. ఏటి సేస్తన్నావురా? ఆ ఏలు... బంగారయ్యా, ఇప్పుడెందుకు నోట్లో ఎట్టుకుంటన్నావు?"

"ఉండు."

"ఒగ్గీరా. ఇంక సూసీదేటున్నాది?"

"తియ్యగుంది."

"బంగారయ్యా."

"తియ్యగానే ఉందత్తా. నీ పాకమే. నువ్వు సప్పట్లు కొట్టు, ఆడు లెగుస్తాడు."