సున్నపు గీతకు కాపరి

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూలై పన్నెండవ తేదీ మధ్యాహ్నం, నా జీనుల దుకాణం వెనుక గదిలో, అనగా నాటి మా ప్రాంతీయ అశ్వ వికాస సంఘ కార్యాలయంలో, బీమా కంపెనీ ఉద్యోగిని ఒకరు భోజన విరామ సమయాన అడుగుపెట్టి, "ఇక్కడ చెయ్యడానికి పనేమైనా ఉందాండీ? జీతం అక్కర్లేదు" అని అడిగారు. జీతమన్న మాటను మా సంఘంలో ఎవ్వరూ ఎరుగరు గనుక ఆ రెండవ వాక్యానికి నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఆ విధంగా ఆరంభమైన స్వచ్ఛంద సేవ కార్యవర్గ సభ్యత్వంగా, తుదకు గౌరవ కార్యదర్శి పదవిగా పరిణమించి ఈ నెలాఖరుతో ముగియనున్నది. ఆమె వీడ్కోలు సంచికకు నాలుగు మాటలు రాయవలసిందని సంపాదకవర్గం నన్ను కోరింది. నాలుగు మాటలతో సరిపెట్టుకునే మనిషిని కానని తెలిసీ కోరారు, కాబట్టి నిడివి గురించి తర్వాత గొణగరాదు.

ఆమె సేవా జీవితాన్ని స్మరించేటప్పుడు వారి అన్నగారిని, మనమందరం పెద్దాయన అని పిలుచుకునే గుర్రాల పెంపకందారును, విస్మరించడం సాధ్యం కాదు. ఒకే సంఘంలో, ఒకే బల్ల ముందు కూర్చునే ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య పన్నెండేళ్ళుగా మాటల్లేవన్న సంగతి ఈ సంచిక చదివేవారెవరికీ కొత్త కాదు. ఆమె పదవి నుండి దిగిపోయేలోగానైనా ఆ మౌనం వీడుతుందా, లేక సంఘంతో పాటు ఆ అన్నను కూడా విడిచి ఇంటికి వెళ్ళిపోతారా అన్నదే ఈ ఏడాదంతా మాకు పట్టుకున్న బెంగ. ఇంటి గుట్టు వీధిన పెడుతున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు. ఇద్దరి అనుమతితోనే, అందులో ఒకరి పట్టుదల వల్లనే, ఇది రాస్తున్నాను.

నాటి మా సంఘం పేరుకే సంఘం. పెంపకందారులకు బండ్లు తోలేవారంటే చులకన, బండ్లు తోలేవారికి స్వారీ నేర్పేవారంటే మంట, లాడాలు కొట్టేవారికి అందరి మీదా కోపం. మా జీనులవాళ్ళం మాత్రం చాలా మంచివాళ్ళమని నేను అంటే వినేవారు లేరు. ఇందరినీ ఒక్క తాటిపైకి తేవడానికి ఆమె ఉపన్యాసాలివ్వలేదు. వార్షిక ప్రదర్శన ముగిసిన సాయంత్రం ఒక పార తెచ్చి, మైదానంలోని గుర్రపు లద్దెను స్వయంగా ఎత్తసాగారు. మరుసటి ఏడు, లద్దె ఎత్తనివారికి వేదిక మీద కుర్చీ లేదన్న నియమాన్ని కార్యవర్గం చేత ఆమోదింపజేశారు. ఒంటికాలి మీద లేచినవారున్నారు, ముక్కు మూసుకున్నవారున్నారు, అధ్యక్షులవారు నడుము నొప్పిని అడ్డం పెట్టుకున్నారు. "కూర్చుని ఎత్తడానికి చిన్న పార ఉందండీ" అని ఆమె వినయంగా తెచ్చి చేతికిచ్చారు. నాటి నుండి నేటి వరకు ఆ నియమం అమలులో ఉంది, నడుము నొప్పులు కూడా తగ్గుముఖం పట్టాయి.

ఆమె చేరిన రెండవ ఏడు జరిగినది గుర్తుచేసుకోవడానికి నేటికీ మనసొప్పదు. ప్రదర్శనకు వచ్చిన గుర్రాలలో ఒకదానికి దవడ కింద గడ్డలు కట్టే అంటువ్యాధి ఉన్నదని మాకెవ్వరికీ తెలియదు. గుర్రాలన్నీ ఒకే తొట్టిలో నీళ్ళు తాగాయి. పక్షం గడిచేసరికి శాలలు శాలలే దగ్గసాగాయి. చాలావరకు కోలుకున్నాయి కాని, ఊరి బండివాడొకడి ఏకైక గుర్రం కోలుకోలేదు. అతడు దాని మెడపట్టీ భుజాన వేసుకుని నా దుకాణానికి వచ్చి, "ఇది ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యండి సార్, ఇంట్లో కనబడితే మా ఆడది ఏడుస్తోంది" అన్నాడు. తొట్టిలో నీళ్ళు నింపే పని ఆ రోజు చూసుకున్నది ఆమే. అతని మాటలు విన్నప్పుడు ఆమె నా బల్ల పక్కనే ఉన్నారు.

ఆ పై ఏడు మైదానపు వాకిట సున్నంతో ఒక అడ్డగీత వెలిసింది. ప్రతి గుర్రమూ దాని వద్ద ఆగాలి. దవడ కింద చేతితో తడిమి, జ్వరం చూసి, అనుమానం లేదనుకున్నాకే గీత దాటించాలి. అనుమానముంటే, ఆ గుర్రం ఎవరిదైనా సరే, వెనక్కి వెళ్ళాలి. ఈ తీర్మానాన్ని ప్రతిపాదించినది ఆమె, బలపరచినది పెద్దాయన. "మా చెల్లాయి చెప్పిందంటే తిరుగులేదు" అని నలుగురిలో మీసం మెలేసిన మనిషి ఆయన. గీత దగ్గర నిలబడే బాధ్యతను ఆమె మరొకరికి అప్పగించలేదు. కార్యదర్శి అయిన తరువాత కూడా, అతిథులు వేదిక మీద ఎదురుచూస్తుండగా, ఆమె వాకిట్లో గుర్రాల దవడలు తడుముతూ ఉండేవారు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకపోతే సభ్యులు నన్ను బతకనివ్వరు. గీత దగ్గర నిలబడే మేడమ్ క్రమంగా మా నోళ్ళలో గీత మేడమ్ అయ్యారు. పాతవారికది ముద్దుపేరు, కొత్తవారికది అసలు పేరు. పశుసంవర్ధక శాఖ పెద్ద అధికారి ఒకరు మా సేవలను ప్రశంసిస్తూ పంపిన జ్ఞాపికపై "శ్రీమతి గీత గారికి" అని బంగారు అక్షరాలతో చెక్కించారు. తప్పును ఎవరు చెప్పాలా అని మేము నీళ్ళు నములుతుంటే, ఆ అధికారి సభలో ఆమెను, "గీత అన్న పేరు మీకు మీ అమ్మగారు పెట్టారా, నాన్నగారు పెట్టారా?" అని ఆప్యాయంగా అడిగారు. "గుర్రాలు పెట్టాయండీ" అన్నారామె. సభ గొల్లుమంది, అధికారి కూడా నవ్వారు. ఆ జ్ఞాపికను ఆమె మార్పించనివ్వలేదు, ఇంట్లో హాలులోనే ఉంచుకున్నారు.

పన్నెండేళ్ళ క్రితం, బయటి ప్రాంతాల కొనుగోలుదారులు తొలిసారిగా మా ప్రదర్శనకు వచ్చారు. ఆ ఏడు అందరి కళ్ళూ పెద్దాయన నల్ల ఆడగుర్రం మీదే. పుట్టిన నాటి నుండి చేతులతో పెంచిన గుర్రమది, దాని నడక చూడడానికి జనం ఆయన శాలకు వెళ్ళేవారు. గీత దగ్గర ఆమె దాని దవడ కింద తడిమి, చెయ్యి అక్కడే ఉంచి, మళ్ళీ తడిమి, "అన్నయ్యా, వాపుంది. లోపలికి వద్దు" అన్నారు.

"తోలు పట్టీ ఒరుసుకుందే! కళ్ళు లేవా నీకు?"

"ఉండబట్టే ఆపుతున్నా."

"ఇంటి గుర్రాన్ని పదిమందిలో ఆపుతావా? కుర్చీ ఎక్కేసరికి అన్న కనబడ్డం మానేశాడన్నమాట. సరే, గుర్రానికీ నీకూ మధ్య గీత గీశావుగా, నీకూ నాకూ మధ్య కూడా గీసుకున్నావనుకో. ఇవ్వాళ్టితో సరి!"

గుర్రం వెనుదిరిగింది. కొనుగోలుదారులు వేరే గుర్రాలను చూసుకుని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. గుర్రానికి జబ్బేమీ లేదు, జోరీగ కుట్టింది. ఆ ఫలితాన్ని మరొకరైతే చల్లగా సర్దేసేవారు. ఆమె సర్వసభ్య సమావేశంలో లేచి, "గుర్రానికి జబ్బు లేదు. జోరీగ కుట్టిందట. మా అన్నయ్యకు నష్టం జరిగింది, అందుకు బాధగా ఉంది. రేపు అలాంటి వాపే కనబడితే మళ్ళీ ఆపుతాను" అని ప్రకటించారు. మొదటి మూడు వాక్యాలతో ఆగిపోయి ఉంటే పెద్దాయన కరిగిపోయేవారేమో! నాలుగవది విని కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయారు.

అయినను ఆయన సంఘాన్ని వీడలేదు. ప్రతి సమావేశానికీ వచ్చి, నాకు కుడిపక్కన కూర్చునేవారు. ఆమె నాకు ఎడమపక్క. "కార్యదర్శి గారితో చెప్పు, మైదానంలో ఇసుక ఎక్కువైంది, గిట్టలు దిగబడుతున్నాయ్" అని ఆయన నా చెవిలో అరిచేవారు. మూరెడు దూరంలో ఉన్న ఆమె, "తగ్గిస్తామని చెప్పండి ఆయనకి" అనేవారు. చెప్పేవాణ్ణి. రెండు చెవులూ నావే కదా అని ఇద్దరికీ లోకువ. వదినగారికి జబ్బు చేసిన మూడు నెలలూ ఆమె ఆఫీసు నుండి నేరుగా అన్నగారింటికే వెళ్ళి, రోగికి స్నానం దగ్గర నుండి సమస్తమూ చూసుకున్నారు. ఆ మూడు నెలలు కూడా ఒకరు ముందు గదిలో ఉంటే మరొకరు వెనుక గదిలో! ఇంత మంచి మనుషులకు ఇంత మొండితనం ఎందుకిచ్చాడా దేవుడు అని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

గడచిన వసంతంలో ఆమె నా దుకాణానికి వచ్చి, కుడిచేతి వేళ్ళు బల్లపై చాపి, సూదితో పొడవమన్నారు. పొడిచాను. "తెలీలేదు" అన్నారు. స్పర్శ తెలియని వేళ్ళతో గీత దగ్గర నిలబడడం గుర్రాలకు ద్రోహమని ఆమె నిశ్చయించుకున్నారు. ఈ పదవీ విరమణకు కారణం అంతకంటే మరేమీ లేదు. ఊహాగానాలు చేసినవారు ఇకనైనా నోళ్ళు మూసుకోవచ్చు. "ఈ ఏడు గీత దగ్గర ఎవరు మరి?" అని అడిగాను.

"ఆయన్ని నిలబడమని చెప్పండి. ఆయన చేతులకి తెలుస్తుంది."

ఆ మాట మోసుకెళితే పెద్దాయన గుర్రానికి మాలీసు పూర్తిచేసి చేతులు కడుక్కున్నారు. తుదకు, "వస్తానని చెప్పు" అన్నారు.

ఈ ఏటి ప్రదర్శన జరిగి వారమే అయింది. సున్నపు గీత దగ్గర పెద్దాయన, జ్వరం చూసే పనికి ఆయన పక్కన నేను. వరుసలో ఆయన కూతురు వచ్చింది. తాను తొలిసారి స్వయంగా పెంచిన గుర్రప్పిల్లను నిగనిగలాడేలా తోమి తెచ్చింది. పెద్దాయన దవడ కింద తడిమారు. చెయ్యి పంచెకు తుడుచుకుని మళ్ళీ తడిమారు.

"వెనక్కి తీసుకెళ్ళమ్మా."

"ఏం లేదు నాన్నా, పొద్దున గేటు తగిలిందంతే! జ్వరం కూడా లేదుగా, ఈ జీనుల మావయ్యనడుగు. మన గుర్రం నాన్నా ఇది!"

"మనదే. తీసుకెళ్ళు."

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అత్త ఇలా చేసిందనేగా ఇన్నేళ్ళూ తిట్టిపోశావ్! ఇప్పుడు నువ్వేం చేస్తున్నావ్?" అని, జవాబు కోసం నిలబడకుండా పగ్గం తిప్పుకుని వెళ్ళిపోయింది. పెద్దాయన ఆ దారి వంక చూస్తూ ఉండిపోయారు. వెనుక గుర్రాలు ఆగిపోయాయి. నేను భుజం తట్టితే గాని తరువాతి గుర్రంపై చెయ్యి వేయలేదు.

ఆ సాయంత్రమే ఆయన నా దుకాణానికి వచ్చి, "సంచిక అచ్చుకెళ్ళిపోయిందా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "అయితే నా మాటొకటి వెయ్యాలి. ఆ రోజు మా చెల్లాయిని పదిమందిలో అన్నాను. పదిమందీ చదివే దాంట్లోనే వెనక్కి తీసుకోవాలి. అది ఆపింది నా గుర్రాన్ని కాదు, ఊళ్ళో గుర్రాలన్నిటికీ రాబోయేదాన్ని. నాకు బుద్ధి లేక వినలేదు. ఉన్నదున్నట్టు వెయ్యి."

"గుర్రప్పిల్ల రక్తపరీక్ష ఇంకా రాలేదు కదండీ. ఒకవేళ ఏమీ లేదని వస్తే?" అన్నాను.

"వస్తే రానీ. దాంతో పనేముంది?"

వేస్తాను గాని, అచ్చులో చెప్పే ముందు ఆమెకు చెప్పాలి కదా అని రెక్క పట్టుకుని వెనుక గదికి లాక్కుపోయాను. కార్యదర్శి గారు కిటికీ దగ్గర నిలబడి, ఆ రోజు వాడిన థర్మామీటర్లను తుడిచి పెట్టెలో సర్దుతున్నారు. పెద్దాయన గుమ్మంలోనే ఆగి, "చెల్లాయ్" అన్నారు.

ఆమె తలెత్తి నా వంక చూశారు. అలవాటు కొద్దీ, ఆ మాటను నేను అందిస్తానని ఎదురుచూశారు.

"నాతో కాదమ్మా, మీతోనే" అన్నాను.

ఆమె చేతిలోని థర్మామీటరు బల్లపై పెట్టారు. "ఆ రోజు నీ గుర్రానికి ఏం లేదన్నయ్యా" అన్నారు. "తెలుసే. అయినా ఆపాల్సిందే" అన్నారాయన. అటుపై ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తలుపు దగ్గరగా వేసి దుకాణంలోకి వచ్చి, తోలు ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను గాని కుట్టలేకపోయాను. ఈ వయసులో అంత ఏడుపు వస్తుందని అనుకోలేదు.

గౌరవ కార్యదర్శి గారూ, మీ సేవలకు సంఘం పక్షాన, మీరు కాపాడిన శాలలన్నిటి పక్షాన సవినయ నమస్సులు. మీ వేళ్ళకు స్పర్శ తిరిగి రావాలి, మీ ఒంటికి ఏ నలతా సోకకూడదు. పన్నెండేళ్ళుగా లోపలే దాచుకున్న పోట్లాటలన్నిటినీ అన్నగారితో ఎదురెదురుగా కూర్చుని, నడుమ మరో మనిషి లేకుండా, ఒక్కటీ మిగలకుండా పోట్లాడుకోవడానికి చాలినంత దీర్ఘమైన ఆయుష్షు మీకు కలగాలి. సరిగ్గా అంతే ఆయుష్షు ఆయనకూ కలగాలి.