సంచిలోంచి తీయని లైసెన్సు

శ్రీమతి గేదెల పద్మకుమారి గారు 1983 ఆగస్టు పదిహేడవ తేదీన శ్రీకాకుళంలోని మన మత్స్యశాఖ కార్యాలయంలో సహాయ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఐదేళ్ళకు చేరువైన ఆ సేవాప్రస్థానం ఈ జూన్ నెలాఖరుతో పరిసమాప్తమవుతున్న శుభవేళ, సహోద్యోగుల పక్షాన వారిని మనసారా అభినందిస్తూ ఈ నాలుగు మాటలు ప్రత్యేక సంచికకు సమర్పితమవుతున్నాయి.

పద్మకుమారి గారి స్వస్థలం గరివిడి దగ్గరి పల్లె. తండ్రిగారు పగలు కర్మాగారంలో కొలిమి ముందు చెమటోడ్చి, సెలవు రోజుల్లో మెట్టపొలంలో చోళ్ళు, నువ్వులు పండించిన శ్రమజీవి. ఆ ఇంట పుట్టిన అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి, కొలువు సంపాదించి, కళింగపట్నం తీరానికి తొలిసారి వెళ్ళేనాటికి సముద్రాన్ని అంత దగ్గరగా చూసి ఎరుగదు. ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే వాటిని చేత పట్టుకుని నడిచివస్తున్న ఆ అధికారిణిని చూసి, చేపలు ఎండబెడుతున్న మైలపిల్లి తాతమ్మ నడుముమీద చేతులు వేసుకుని అడిగిందట.

"సేపల ఆఫీసరమ్మవంట. నీకు సేపల గురించి ఏటి తెలుసమ్మా?"

"ఏమీ తెలీదు. మీరు నేర్పితే నేర్చుకుంటాను."

తాతమ్మకు ఆ జవాబు నచ్చింది. ఎదురుగా ఉన్న తట్ట చూపించి, "అయితే ముందు ఈ తట్ట అటేపు పట్టు" అంది. పద్మకుమారి గారు పట్టారు. ఆనాడు మొదలైన స్నేహం నేటికీ చెక్కుచెదరలేదు.

తొంభైలలో వారు విజయనగరం జిల్లాలోని చేపపిల్లల పెంపక కేంద్రానికి బదిలీ అయి, అక్కడి చెరువులకు జవసత్వాలు కల్పించారు. అనంతరం పదోన్నతిపై అభివృద్ధి అధికారిణిగా 2009లో తిరిగి మన కార్యాలయానికి విచ్చేశారు. భర్త జగన్నాధం గారు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు. భార్య స్కూటీమీద తీరగ్రామాలు చుట్టివచ్చే వేళకు అన్నం వండి ఉంచిన సహృదయులు. "ఈవిడ ఇంటికి ఎప్పుడొస్తుందో నాకు తెలీదు గానీ, ఎండుచేపల వాసన మాత్రం ఓ పది నిమిషాలు ముందే వస్తుంది" అని వారు నవ్వించని విందు లేదు.

ఆ రోజుల్లోనే తీరప్రాంత మత్స్యకారులందరికీ ఫొటోతో, వేలిముద్రలతో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు కార్డులు జారీచేసే బృహత్కార్యం మన శాఖ భుజాలమీద పడింది. ఫొటో అనగానే కొందరు భయపడ్డారు, వేలిముద్ర అనగానే మరికొందరు తలుపులు వేసుకున్నారు. పద్మకుమారి గారు గడపగడపకూ వెళ్ళి కూర్చుని, "ఇది మీకు సర్కారు ఇచ్చే కార్డు. దీన్ని చూపిస్తే ఈ దేశంలో ఎక్కడైనా నువ్వెవరని మిమ్మల్ని మళ్ళీ అడగరు" అని నచ్చజెప్పి, ఒక్క ఇల్లు కూడా మిగలకుండా నమోదు చేయించారు. కార్డు అందిన రోజున తాతమ్మ తన బొమ్మ చూసుకుని, "మొకంమీద ముడతలు కూడా అచ్చుగుద్దినారు, దొంగముండాకొడుకులు" అని మురిసిపోయిందట.

అంతటి నమ్మకంతో ఇచ్చిన ఆ మాటకు 2016లో పరీక్ష ఎదురైంది.

చేపలను ఇసుకలో కాక, వెదురు గెడలమీద పాత వలలు బిగించి నేలకు ఎత్తుగా ఎండబెట్టే పద్ధతిని కళింగపట్నం మహిళలు కొంతకాలంగా అనుసరిస్తున్నారు. పద్మకుమారి గారి ప్రోత్సాహంతో మొదలైన ఆ ప్రయత్నం గురించి తెలిసి, కొచ్చిలో జరిగే జాతీయ సదస్సులో వివరించవలసిందిగా ఆహ్వానం వచ్చింది. సదస్సు పెద్దలకు నచ్చితే ఊరికి పక్కా ఎండబెట్టే ప్రాంగణం మంజూరయ్యే అవకాశం ఉంది. తాతమ్మ, ఆమె కోడలు తులసి, గెడలు బిగించిన పడవవాడు సూరాడ పోతురాజు, వారికి తోడుగా పద్మకుమారి గారు, సదస్సులో చూపించడానికి ఎండుచేపల మూటతో బయలుదేరారు. నిర్వాహకులు విమానం టిక్కెట్లు పంపారు. ముగ్గురికీ అదే తొలి విమానయానం. మిగతా కాగితాలన్నీ పోగొట్టుకుంటారేమోనని, "మత్స్యకారుల కార్డు ఒక్కటీ తెచ్చుకోండి, చాలు" అని చెప్పింది పద్మకుమారి గారే.

విమానాశ్రయం ద్వారం దగ్గర తుపాకీ భుజానికి తగిలించుకున్న భద్రతా ఉద్యోగి ఉన్నాడు. ఉత్తరాదినుంచి వచ్చిన పడుచువాడు. తాతమ్మ కార్డును తిప్పి చూశాడు, ఫొటో చూశాడు, తాతమ్మను చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఏటంతన్నాడమ్మా?" అంది తాతమ్మ.

"ఈ కార్డు ఎప్పుడూ చూడలేదంటున్నాడు."

"నానూ ఈ బాబుని ఎప్పుడూ సూళ్ళేదు. మరి నమ్మి ముందుకొచ్చినాను కదా!"

పద్మకుమారి గారు తనకు వచ్చిన హిందీలో, అది భారత ప్రభుత్వమే ఇచ్చిన కార్డని ఎంతో మర్యాదగా వివరించారు. అతను ఆధార్ అడిగాడు, ఓటరు కార్డు అడిగాడు. అవి ఊళ్ళో, ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. అతను చివరకు మేడంగారి కార్డు అడిగాడు. వారు మన శాఖ గుర్తింపు కార్డు ఇచ్చారు. అది తెలుగులో ఉంది. అతను దాన్నీ అటూ ఇటూ తిప్పి, అదీ చెల్లదన్నాడు.

"ఇంకేదైనా ఉందా? డ్రైవింగ్ లైసెన్సు?"

లైసెన్సు వారి చేతిసంచిలోనే ఉంది. జిప్పు లాగితే చాలు, వారు లోపలికి వెళ్ళవచ్చు. చెయ్యి సంచిమీదకు వెళ్ళింది కూడా. పక్కకు చూస్తే ఆ ముగ్గురూ తమ కార్డులు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు. వరసలో వెనకనున్నవారు విసుక్కుంటున్నారు, ఎండుచేపల మూటను చూసి ఒకరు ముక్కు మూసుకున్నారు. పద్మకుమారి గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఉంది. కానీ చూపించను. ఈ నాలుగు కార్డులూ సర్కారు కార్డులే. చెల్లుతాయో లేదో తెలిసిన పెద్దవారిని పిలవండి. అంతవరకూ నేనూ వీళ్ళతో బయటే ఉంటాను."

నలుగురూ గోడవారగా తప్పుకున్నారు. పోతురాజు తల దించుకుని, "ఎల్లిపోదుం రండి మేడంగారూ. మన మొకాలకి ఇమానాలేటండి. మీరైనా ఎల్లండి, మీకు బండి కార్డున్నాది కదా" అన్నాడు. తులసి కళ్ళు తుడుచుకుంది. చుట్టూ ఉన్నవారి విసుగు పద్మకుమారి గారిని బాధించలేదు గానీ, పోతురాజు మాట మాత్రం గుండెలో ములుకులా దిగిందని తరవాత చెప్పుకున్నారు.

"పోతురాజూ, నేను వెళ్ళిపోతే రేపు మీ ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని తిరగను? ఈ కార్డు ఎక్కడైనా చెల్లుతుందని ఇంటింటికీ తిరిగి చెప్పిన నోరు ఎవరిది?"

"మీదేనండి."

"అయితే చెల్లేదాకా ఇక్కడే కూర్చుందాం."

ఆ మాటకు తాతమ్మ నేలమీద చతికిలబడి, చద్దిమూట విప్పింది. పోతురాజు ఆ గార్డువైపు గుర్రుగా చూస్తుంటే పద్మకుమారి గారు మందలించారు. "ఆయన్ని ఏమీ అనకండి. తెలీని కార్డుమీద లోపలికి పంపితే ఆయన కొలువు పోతుంది. తెలియకపోవడం తప్పు కాదు, తెలుసుకోనంటేనే తప్పు."

ఆ గార్డు కబురుమీద కాసేపటికి భద్రతా విభాగం ఇన్‌స్పెక్టరు వచ్చారు. నడివయసు మనిషి, తొందరపాటు లేనివారు. అన్నీ విన్నారు. "మేడమ్, మీ లైసెన్సు చూపిస్తే మీరు వెళ్ళవచ్చు కదా" అని వారూ అడిగారు.

"వెళ్ళవచ్చు సార్. కానీ ఈ కార్డు ఉన్న పడవల్ని సముద్రంలో గస్తీవాళ్ళు చూసి వదిలేస్తారు. నీళ్ళమీద చెల్లిన కార్డు నేలమీద ఎందుకు చెల్లదో చెప్పండి, వెనక్కి తిరిగిపోతాం."

ఇన్‌స్పెక్టరు గారు నాలుగు కార్డులూ చేతిలోకి తీసుకుని, "పై కార్యాలయాన్ని అడిగి వస్తాను. మీ విమానం అందకపోవచ్చు, క్షమించాలి" అని లోపలికి వెళ్ళారు.

విమానం అందలేదు. వారు ఎక్కవలసిన విమానం గోడ అవతల ఉరుముకుంటూ లేచి, నలుగురి తలలమీదుగా వెళ్ళిపోయింది. తులసి నోరు వెళ్ళబెట్టింది. పద్మకుమారి గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాతమ్మ మాత్రం చద్దన్నం చేత్తో పట్టుకునే ఆకాశంలోకి చూసి, "అదేనేటమ్మా మన ఇమానం? సానా బాగున్నాది. కింద బొడ్డు కూడా కనిపించింది! ఎక్కినోలికి ఇది కనిపించదు కదే!" అని సంబరపడింది. ముందు పోతురాజు నవ్వాడు, తరవాత తులసి, ఆపైన పద్మకుమారి గారు. భాష తెలియని ఆ గార్డు కూడా ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

ఆ నవ్వులు ఆగకముందే ఇన్‌స్పెక్టరు గారు తిరిగివచ్చారు. కార్డులను నలుగురి చేతుల్లోనూ స్వయంగా పెట్టారు.

"ఇవి చెల్లుతాయి. మా వాళ్ళకు తెలియలేదు, ఆ లోపం మాది. హైదరాబాదు మీదుగా సాయంత్రం వెళ్ళే విమానంలో మీకు చోటిమ్మని చెప్పాను, ఇస్తారు."

లోపలికి వెళ్తూ తాతమ్మ ఆ పడుచు గార్డు ముందు ఆగింది. అతను బిగుసుకుపోయాడు. "నీ పని నువ్వు సేసినావు బాబూ. బువ్వ తిన్నావా?" అంది. పద్మకుమారి గారు హిందీలో చెప్పేసరికి అతను తుపాకీ సర్దుకుని, ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

ఆ సాయంత్రం విమానం మేఘాల్లోకి లేస్తుంటే తాతమ్మ పద్మకుమారి గారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయమా అని అడిగితే, "నాకేటి బయ్యం? నువ్వు బయపడతావని పట్టుకున్నాను" అంది. మర్నాడు సదస్సులో తాతమ్మ శ్రీకాకుళం యాసలో మాట్లాడింది, పద్మకుమారి గారు ఇంగ్లీషులో చెప్పారు. గెడలమీద ఎండిన నెత్తళ్ళనే చిన్నచేపలను తాతమ్మ చేత్తో విరిచి వేదికమీది పెద్దలకు పంచి, "ఇసకుంటే సెప్పండి, నాను పల్ల కిందేసి నమిలి సూపిస్తాను" అన్నప్పుడు సభంతా చప్పట్లతో మారుమోగింది. ఏడాది తిరగకుండానే కళింగపట్నం తీరాన ఎండబెట్టే ప్రాంగణం వెలిసింది. వానకు తడవకుండా దానికి కప్పు కూడా పడింది.

ఆ ఉదయం సంగతి భర్తగారికి ఫోనులో చెప్పి, లైసెన్సు తీయనందుకు అందరినీ ఇబ్బంది పెట్టానేమోనని పద్మకుమారి గారు సందేహపడితే, జగన్నాధం గారు అన్నారట: "బండి నడిపేటప్పుడు పోలీసు అడిగినా వెతుక్కుంటావు, విమానానికి తీస్తావా! మంచిపని చేశావు." సమర్థించడం, దెప్పడం రెండూ ఒకే వాక్యంలో చేయగల సమర్థులు వారు.

కథ అంతటితో ముగియలేదు. ఆ ఇన్‌స్పెక్టరు గారి పిలుపుమీద పద్మకుమారి గారు మరుసటి నెలలో మళ్ళీ అక్కడికి వెళ్ళారు. రకరకాల సర్కారీ గుర్తింపు కార్డులను భద్రతా సిబ్బందికి చూపించి, ఏది ఎవరిస్తారో, దేన్ని ఎలా సరిచూడాలో వివరించి వచ్చారు. ఆ తరవాత పోతురాజు మరో శిక్షణకు ఒంటరిగా బయలుదేరి, లోపలినుంచి ఫోను చేశాడు. గొంతులో కాస్త నిరాశ ఉంది.

"మేడంగారూ, కార్డు సూసినాడు, ఎల్లమన్నాడు. ఆపుతాడు, అప్పుడు గట్టిగా సెప్పుదుమని రాత్రంతా హిందీ నేర్చుకున్నానండి. ఒక్క ముక్కైనా అడగలేదండి!"

ఆ ఫోను మాట్లాడి పద్మకుమారి గారు మన కార్యాలయంలో పడీ పడీ నవ్విన రోజు ఎవరూ మరువలేరు.

అధికారం చేతిలో ఉన్నా తోటివారిని దాటి ముందుకు వెళ్ళని సంస్కారం, తనను అడ్డగించినవారి కష్టాన్ని కూడా అర్థం చేసుకున్న ఔదార్యం, చెప్పిన మాటకు కట్టుబడే నిబ్బరం వారి సొత్తు. వారి పర్యవేక్షణలో పనిచేసిన చిన్న ఉద్యోగులకు పొరపాటు దిద్దే గురువుగా, ఇంటికి వెళ్తే అన్నం పెట్టే అక్కగా మెలిగారు.

విరమణ సంగతి తెలిసి తాతమ్మ ఈమధ్య మన కార్యాలయానికి వచ్చింది. మేడమీదికి మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, "ఇన్నేల్లు మా ఒడ్డుకొచ్చినావు, ఒక్కనాడైనా నీల్లల్లోకి రాలేదు. వచ్చే ఆదివారం పోతురాజు పడవ కడతాడు. మాస్టారుని కూడా తే. బయ్యమైతే సెయ్యి పట్టుకుంటాను" అని పిలిచి మరీ వెళ్ళింది. పద్మకుమారి గారు వస్తానన్నారు. ఈత రాని జగన్నాధం గారు ఆలోచిస్తున్నారు.

ఆ దంపతులు ఆయురారోగ్యాలతో, అలుపెరుగని ఉల్లాసంతో, మనుమల ముద్దుముచ్చటలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, వంశధార కడలిలో కలిసే ఆ తీరాన వారు అడుగుపెట్టిన ప్రతిసారీ ఏదో ఒక ఇంటినుంచి "రా అమ్మా, తిందువుగాని" అనే పిలుపు వినిపిస్తూనే ఉండాలని, ఆదివారం ఆ పడవమీద అలలు మెల్లగా, గాలి చల్లగా ఉండాలని మనసారా కోరుకుందాం.