వైర్ల బాబాయి పట్టిన దొంగ

"ముందు ఆ గ్లాసు కింద పెట్టు. పెద్దవాడు మాట్లాడుతుంటే ఆ జుర్రుకోవడం ఏమిటి? వినడం నేర్చుకో," అని టీకొట్టు అబ్బాయిని కసిరి, బెంచీ మీద కాలు మీద కాలు వేసుకున్నాడు వైర్ల బాబాయి. ఎదుటి ఆఫీసులో వైర్లు, కంప్యూటర్లు చూసేది ఆయనే.

"మా ఆఫీసులో నెట్టు నత్తలా పాకుతోంది. ఎవరో పనివేళ వీడియోలు చూస్తున్నారు. స్టోర్సులో అమ్మాయే అయ్యుంటుందని నేనే మేనేజరుకి చెప్పాను. రుజువు చూపిస్తే ఆమెను తీసేస్తానన్నాడు. సరే, ఆఫీసు నెట్టంతా వెళ్ళే రౌటర్ పెట్టెలోకి వెళ్ళి, దానిగుండా పోయే ప్రతి ముక్కకీ నకలు తీసి మేనేజరు కంప్యూటరుకి పంపమన్నాను. అసలు దాని దారిన అది పోతుంది, నకలు మేనేజరు ముందు పడుతుంది. చిన్న పనే."

"చిన్న పనైతే నా టీ ఎందుకు ఆపావు బాబాయ్?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు మెయిల్లో ఉన్న తప్పులు నకల్లో లేవు, అంత శుభ్రంగా వచ్చింది. రౌటర్‌కి రుచి తగిలింది. పక్క వీధి ఆఫీసులవీ లాక్కొచ్చింది, ఆ పైన సముద్రం అడుగున తీగల్లోవీ తోడుకొచ్చింది, సాయంత్రానికి ఇంకా ఎవరూ రాయని మెయిళ్ళకి కూడా నకళ్ళు దిగిపోయాయి. మేనేజరు తను మర్నాడు పెట్టబోయే సెలవు చీటీ చదివి, 'అయ్యో, నాకు జ్వరమా' అని అక్కడే పడుకున్నాడు."

దొంగచాటుగా ఒక గుక్క తాగిన టీకొట్టు అబ్బాయికి పొలమారింది.

"మరి దొంగ దొరికాడా బాబాయ్?" వెనక నుంచి అడిగింది స్టోర్సు అమ్మాయి.

బాబాయి కాలు దానంతటదే కిందికి దిగింది. "అదేనమ్మా... యంత్రం గదా..."

"నేను చెబుతాలే తమ్ముడూ. ఈయన సీటు కూడా ఆ రౌటర్‌కే తగిలించి ఉందన్న సంగతి ఈయన మరిచిపోయాడు. తెర మీద ఎవరి వాడకం వాళ్ళది గీతలుగా వచ్చింది. నాది చీమంత. ఈయనది కొండంత. మేనేజరుకి గర్వంగా చూపిస్తున్నప్పుడు కూడా అక్కడ ఈయన సీరియల్ నడుస్తూనే ఉంది."

తన తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దేవాడికి శాస్తి జరగవలసిందే, జరిగింది. ఆమె ఉద్యోగం నిలిచింది. బాబాయి సీటుకి మాత్రం నెట్టు ఆపేసి, అది మళ్ళీ తెరిచే పాస్‌వర్డ్ ఆమె చేతికిచ్చారు. ఆయన రోజూ పొద్దున్నే స్టోర్సు కిటికీ ముందు నిలబడి, నెట్టు ఏ పనికి కావాలో అందరికీ వినబడేలా చెప్పాలి.

"సరిగా వినబడలేదు బాబాయ్," అంటుంది ఆమె.

ఆయన మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు.