కూత విన్నాక

కొండ అడవుల నుంచి ఆ ఉదయమే అమలాపురం తిరిగొచ్చిన జువాలజీ లెక్చరరు ఫోనులో కప్ప కూత వినిపిస్తున్నాడు. పక్కన భార్య కొబ్బరి కోరుతోంది.

“ఈ రకం కప్పలు ఆ కొండ మీద తప్ప ఎక్కడా లేవు. అడవి కొట్టేస్తున్నారు. ఇంకెన్నాళ్ళుంటాయో.”

“ఆయ్. మళ్ళీ వెయ్యండి.”

“నీకూ నచ్చిందన్నమాట.”

“కూత కాదండి. వెనకాల ఎవరో ఆడమనిషి నవ్వుతున్నారు.”

“మా టీములో ఒకమ్మాయి లే. నేను వాగులో జారిపడ్డాను, అందుకు నవ్వింది.”

“పడ్డట్టు నాకు చెప్పలేదేం?”

“అదేమంత విషయం?”

“మీరూ నవ్వేరు. ఇంట్లో మీరలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.”

అతను ఫోను ఆపేశాడు.

“ఈ కూత ఎందుకు పనికొస్తుందో తెలుసా? అడవిలో పెట్టి వినిపిస్తాం. అక్కడున్న మగకప్ప, తన చోటుకి ఇంకోటి వచ్చిందనుకుని రాయి కింద నుంచి బయటికొచ్చేస్తుంది.”

“చూడ్డానికా, కొట్టడానికా?”

“రెండిటికీను.”

“అయితే ఈసారి కొండకి నేనూ వస్తానండి.”

“జలగలుంటాయి. నువ్వెందుకు అక్కడికి?”

“నేనూ విన్నాను కదండి.”