ఒలందోల మేడ అరుగు

ఏటిరా బుధూ, ఆ ఇనప కడ్డీలు? అరుగుకి గ్రిల్లా? ఎవుడిచ్చేడు నీకీ సలహా? ఓహో. రైలెక్కి పట్నం జనం అరకు సూడ్డానికొస్తారు, మనింట్లో గదులు తీసుకుంటారు, శుక్రవారం సంతకని గురువారం పొద్దుగూకీసరికి పైనూళ్ల జనం ఒచ్చి అరుగుమీద తొంగుంటే ఆలకి బాగోదు. అదే కదా నువ్వు మీ అమ్మతో అన్నావు? మీ తాతకి కాళ్లే పోయేయిరా, సెవులు పోలేదు. సరే, ఆ మోడా ఇలా లాగి కూకో. వెల్డింగోడు రేపొచ్చినా కొంపలేటీ మునిగిపోవు. నీకు అచ్చియమ్మ సంగతి సెప్పేనా ఎప్పుడైనా? నేదా? మీ నాయినకి వంద మాట్లు సెప్పుంటాను. ఆడు వంద మాట్లూ మజ్జిలో నిద్రోయేడు.

అచ్చియమ్మంటే మన కొండోలు కాదు. భీమిలి ఆవిడ. ఆల పెనిమిటి ఎద్దుల మీద ఉప్పేసుకుని మన సంతలకి తిరిగీవోడు. ఒకేడు ఆవిడా కూడా ఒచ్చింది, కొండలెలగుంటాయో సూద్దారని. సూసింది మరి, మన్నెం జొరం పట్టుకుంది. పెనిమిటేమో ఎద్దుల్ని ఒగ్గీలేడు, పెళ్లాన్ని మోసుకెళ్లలేడు. మా అమ్మ, అదే, మీ ముత్తవ్వ సోములమ్మ, మా ఇంట్లో ఒగ్గీసి ఎల్లవయ్యా అన్నాది. నలబై రోజులు. సామ గంజి తాగించింది, ఆకు పసర్లు పోసింది, రాత్రీ పగలూ కాసింది. లేచి నడిచిన రోజున ఊరందరి ముందరా ఇద్దరూ నేస్తం కట్టేసుకున్నారు. కోకలు మార్సుకున్నారు, ఒకల నోట్లో ఒకలు అన్నం ముద్దెట్టుకున్నారు. అప్పుడింక పేరెట్టి పిలవకూడదు, తెలుసునా నీకు? సచ్చీదాకా నేస్తమా అనే అనాల. పేరెడితే ఆ నేస్తం తెగిపోద్ది. మా అమ్మ మరీ సాదస్తం మనిసి, ఆ పేరుకి దగ్గిరగా ఉన్న మాట కూడా నోట రానిచ్చీది కాదు. నువ్వు అచ్చంగా మీ తాతలాగున్నావురా అనాలనుకో, ఉన్నదున్నట్టు మీ తాతే అనీది. మేం కావాలని ఆవిడ సేత అనిపిద్దారని సూసీవోళ్లం. సీపురు తిరగేసీది.

ఎక్కడున్నాను? ఆ, పెనిమిటి పోయేడు. పిల్లలు నేరు. భీమిల్లో సముద్రం ఒడ్డున ఒక పాత మేడుండీది, ఒలందోల మేడనీవోరు. ఎప్పుడో ఓడలెక్కొచ్చిన ఒలందా దొరలు, అదే డచ్చోలు, కట్టుకున్నదట. గోడలు రెండు మూరల మందం. కప్పు కూలిపోయి లోపల మేకలు ఈనుతున్నాయి. ఒక జమీందారు ఎస్టేటుది, ఏ జమీందారో పేరెందుకులే. ఈవిడ ఎల్లి ఆల పాత మేనేజర్ని అడిగింది, ఊరికే పాడైపోతంది కదా బాబూ, నాను బాగు సేయించుకుంటాను, ఒచ్చిపోయీవోలకి వండిపెట్టి గదులిచ్చుకుంటాను, నాకు ఒగ్గండని. నాలుగేళ్లుండు, బాగుంటే తరవాత పదేళ్లకి కాయితం రాసిద్దారి అన్నాడాయన. ఊళ్లోవోలు నవ్వేరు. ఆడకూతురు, ఒంటి మనిసి, ఆ దెయ్యాల కొంప ఏటి బాగు సేస్తాదని.

మన్నెంలో పితూరీ సద్దుమణిగిన మరుసటేడది. నాకు పెళ్లై ఏడాదవలేదు. నేస్తం ఇంటికి దూలాలు కావాలట అని మా అమ్మ అనగానే పన్నెండుమందిమి బయిల్దేరిపోయేం. పద్దెనిమిది మద్ది దూలాలు. ఫారెస్టోల కాడ కాయితం మా అమ్మే పట్టుకొచ్చింది. ఘాటీ దిగీదాకా భుజాల మీద, కింద కోట ఊరి కాడ నించి బళ్ల మీద. ఇదిగో, ఈ భుజం మీద గుంట సూడు, అది ఆ దూలానిదే. ఇక్కడి నించి బస్తాడు కరక్కాయలు కూడా పట్టుకెళ్లేం. గోడలకి గుల్లసున్నం అక్కడ దొరుకుద్ది, సముద్రం గుల్లలు కాల్చింది. దాన్లో బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి రుబ్బితే గచ్చు రాయైపోద్ది. మన ఊరి సోంబరు తాపీ పట్టేడు, నెల్లాళ్లు ఉండి. కూలేటిస్తే మాత్రం ఎవులూ ముట్టలేదు. నేస్తం ఇంటికి దూలమెత్తి కూలి తీసుకుంటారేటి? అప్పుడు ఆవిడ అన్నాది, అలగైతే ఈ వీధరుగు మీది, నాను బతికున్నన్నాళ్లూ మీరెప్పుడు కిందికి దిగినా ఈ అరుగుమీదే దిగాల, ఎవులూ అడగరు అని. ఆ మాట నాను సెవులారా విన్నాను.

సముద్రం అంటావా? నవ్వకు. మొదటిసారి సూసి, ఇంత నేల ఇలగ ఒగ్గీసేరేటి, ఎవులూ దున్నరా అన్నాను. మూడు రాత్రులు నిద్ర నేదు ఆ హోరుకి. తరవాత కొండకొచ్చేక ఆ హోరు నేక నిద్ర పట్టలేదు. మరేటి సేస్తాం.

ఎవులెవులు దిగీవోలో ఆ మేడలో! విశాపట్నం ప్లీడర్లు, సముద్రం గాలికని జొరాలు తగ్గినోలు, స్నానాలకి దొరసానులు. ఒక దొరసానికి గుడ్డు మూడు నిమిషాలే ఉడకాలట, ఎక్కువైతే తినదట. అచ్చియమ్మ కాడ గడియారం నేదు. పొయ్యి కాడ కూకుని ఇరవై కెరటాలు లెక్కెట్టి దింపీసీది. ఆ దొరసాని సేతి గడియారం సూసుకుని, సూసుకుని, ఆకరికి ఈవిడ కాడికొచ్చి ఎలగ సేస్తన్నావు అని అడిగింది. తుపాను రోజున మాత్రం గుడ్డు పచ్చిగా ఉండిపోయీది. అందరూ ఆవిణ్ణి పిన్నిగారు పిన్నిగారు అనీవోరు. ఒక్క గదికీ లోపల గొళ్లెం తప్పితే బయట తాళం ఉండీది కాదు. అయినా ఒక్క సెంబూ పోలేదు.

నాలుగేళ్లు నిండేయి. పాత మేనేజరు పోయేడు, కొత్తాయనొచ్చేడు. మద్రాసులో సదువుకున్నోడు, పంచె మీద కోటు. తల్లి మోకాళ్ల నొప్పులకి సముద్రం నీళ్లు మంచివన్నారని ఆవిణ్ణి తీసుకుని నెల్లాళ్లుందారని మేడలో దిగేడు. పదేళ్ల కాయితం కూడా పెట్లో ఉంది, సంతకం పెట్టడవే తరువాయి. అచ్చియమ్మ పేనం ఆ కాయితం మీదుంది. అది రాకపోతే సట్టీ బుట్టీ పట్టుకుని రోడ్డు మీదికే మరి. సరీగ్గా ఆ మజ్జేనం మేం దిగేం. తొమ్మండుగురిమి, మా అమ్మతోటి. సింతపండు బుట్టలూ, అడ్డాకులూ, పసుపూ. అరుగుమీద దించుకుని ఊపిరి పీల్చుకుంటన్నాం.

ఆయన లోపలికి పిలిచి సెప్పేడు ఆవిడికి. కిటికీ కిందే కూకున్నాం కదా, అంతా వినపడతంది. పెద్దమనుషులు దిగే చోటిది, ఈ కొండవాళ్లని ఉప్పుకొట్ల దగ్గరికి పంపించు, అరుగు ఖాళీ అయ్యాక సంతకం పెడతాను అన్నాడు. ఆవిడ బతిమాలింది. రెండు రోజులుంటారు బాబూ, మాటిచ్చేను బాబూ, ఈ కప్పు మోసేవి ఆలు తెచ్చిన దూలాలే బాబూ. ఊఁహూఁ. ఆయన బయటికొచ్చి అరుగు మీద బల్ల కాడ కూకున్నాడు, ఎనకాలే ఆవిడా ఒచ్చింది. ఈలోగా మా అమ్మ మూట కట్టీసింది. ఇసక మెత్తగుంటాది, మాకేటి లోపం, నువ్వు కాయితం సూసుకో నేస్తమా అన్నాది. అచ్చియమ్మ లోపలికెల్లిపోయింది. మంచినీళ్లు తెస్తాదేమో అనుకున్నాను నాను. ఒక సేత్తో తన సాప, ఇంకో సేత్తో తాళాల గుత్తి పట్టుకొచ్చింది. గుత్తి ఆయన ముందర బల్ల మీద పెట్టీసింది.

“ఈవిడ నా నేస్తం బాబూ. ఈవిడ దిగిపోయిన అరుగు నాకెందుకు.”

నాలుగేళ్ల కష్టంరా అది. నాకే కళ్లంట నీళ్లొచ్చీసేయి. ఆయన నమ్మలేదు. కాయితం కోసం ఆడతన్న నాటకం అనుకున్నాడు కాబోలు, మా అమ్మ కేసి తిరిగేడు.

“నేస్తమా? ఏదీ, ఈవిడ పేరేమిటో చెప్పు చూద్దాం.”

మా అమ్మ తల దించేసుకుంది. పెదాలు బిగించీసింది. సెప్పచ్చు కదా, ఒక్క మాట. ఆ మాటతో ఇల్లు నిలబడతాదేమో. సెప్పలేదు. నాను నోరు తెరిచేను, అచ్చియమ్మ అందారని, మా అమ్మ మడమేసి నా కాలు తొక్కీసింది. ఆయన నవ్వేడు, పేరైనా తెలీదు, నేస్తమట అని.

గుమ్మంలో కర్ర సప్పుడైంది. ఆయన తల్లి. పార్వతీపురం అటేపు పల్లె ఆవిడిది. ఎంతసేపటి నించి నిలబడి వింటందో.

“తెలీక కాదురా. తెలిసే సెప్పడం నేదు. నాకూ ఉంది నేస్తం, ఆ నేస్తమ్మ సేతి ముద్దలు తిని పెరిగేవు, ఆవిడ పేరేటో నువ్వు సెప్పు.”

ఆయన నోరు తెరిచేడు. ఆలోచించేడు. పాపం, ఆడికి తెలీదు. పుట్టిన కాణ్ణించీ నేస్తమ్మే గానీ పేరెవులు సెప్పేరు ఆడికి? ఆ ముసలావిడ నెమ్మదిగా మా అమ్మ పక్కన అరుగుమీద సతికిలబడింది, ఈ సింతపండు ఈయేడిదేనా అని అడిగింది. ఆయన లోపలికెల్లిపోయేడు. సంతకం మాత్రం అప్పుడు పెట్టలేదు, మన్నాడు పొద్దున్న పెట్టేడు. మొగోడి మొకం నిలబడాల కదా.

అలగ ఏటా ఎల్లేం, ఆ అరుగుమీదే తొంగున్నాం, ఆవిడున్నన్నాళ్లూ. యుద్ధం రోజుల్లో, జపానోడు బాంబులేస్తాడని కిందినోలందరూ పారిపోతన్నప్పుడు, ఉప్పు తెచ్చినోడొకడు సంతలో సెప్పేడు, మీ భీమిలావిడ పోయిందని. మా అమ్మ సోళ్లు సెరుగుతంది. సేట కింద పెట్టింది. ఏడవలేదు. పెరట్లోంచి ఆ గట్టు మీదికెల్లింది. ఇక్కడి నించి సముద్రం కనపడదు, తెలుసు ఆవిడికి. అయినా ఆ దిక్కుకి తిరిగి, గట్టిగా, అవతల కొండోలకి వినపడీలాగ అన్నాది.

“అచ్చియమ్మా.”

ఒక్కసారే. పాతికేళ్లైంది ఆలు నేస్తం కట్టి. మా అమ్మ నోట ఆ పేరు నాను వినడం అదే.

...

ఏటి, అలగ సూస్తన్నావు? ఈ రోజేటి వారం? గురువారవేనా? ఆ కడ్డీలు అడ్డం తియ్యరా, పైనూళ్ల జనం ఒచ్చీ యేళైంది, సీకట్లో కాళ్లకి తగుల్తాయి. అంబలికి పెద్ద కుండ పెట్టమను మీ అమ్మని.